తలుపు వెనక మనిషి

పోయిన నెల ఆళ్ళగడ్డలో ఒక శిల్పిగారి దగ్గర రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. నంద్యాలలో మా వీధి గుడికి ద్వారపాలకుల విగ్రహాలు చేయించాలని పెద్దలు నలుగురూ తీర్మానించి, పని ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మని నన్ను పంపారు. రిటైరైన వాడికి వీధిలో ఇంతకంటే పెద్ద పదవి ఏం దొరుకుతుంది? సంచీ చంకన పెట్టుకుని బస్సెక్కాను.

ఆళ్ళగడ్డ సంగతి మీకు తెలియంది కాదు. అక్కడ రాళ్ళు దేవుళ్ళవుతుంటాయి. సగం చెక్కిన వినాయకుడు, ఇంకా కళ్ళు తెరవని అమ్మవారు, తొండం మాత్రమే బయటపడ్డ ఏనుగు, అందరూ ఒకే రాతిదుమ్ములో తెల్లగా నిలబడి ఉంటారు. మా ద్వారపాలకులిద్దరూ ఒక మూల గదలు పట్టుకుని నిలబడ్డారు. ఒంటి పని అయిపోయింది. ముఖాలు మాత్రం మిగిలాయి.

"ఇంకా ముఖాలు చెక్కలేదేం?" అన్నాను, అజమాయిషీకి వచ్చిన వాణ్ణి కదా, ఏదో ఒకటి అనాలి గనక.

శిల్పిగారు ఉలి కింద పెట్టి, మొహమ్మీది దుమ్ము తువ్వాలుతో తుడుచుకున్నారు. "దేవుణ్ణి చెక్కడం తేలిక సార్. ఆయన కూర్చొని నవ్వుతాంటాడు. ఈ ఇద్దరితోనే తంటా. దొంగ చూస్తే భయపడాల. భక్తుడు చూస్తే భయపడకూడదు. ఒకే మొగంలో రెండూ రావాల. యాడొస్తాది?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నల్లమల కొండల వైపు చూస్తూ అదే మాట నెమరేసుకుంటూ ఉంటే, ఉన్నట్టుండి ఒక విమానం గుర్తుకొచ్చింది. విమానమంటే మరీ విమానం కాదు. విమానంలో ఒక తలుపు.

చెబుతాను వినండి. ఢిల్లీలో ఉన్న మా అమ్మాయిని చూడ్డానికి నేనూ, మా ఆవిడా శంషాబాదులో విమానం ఎక్కాం. అంతకు ముందే తనిఖీలో నా గోళ్ళు తీసుకునే కత్తెర లాక్కున్నారు. ఇరవై ఏళ్ళుగా నాతో ఉన్న కత్తెర. పోతే పోయిందిలే అనుకుని వెళ్ళి కూర్చున్నాను. మాకు ముందు వైపు మూడో వరుసలో సీట్లు. నా వయసు వాళ్ళకు అర్థమవుతుంది, గంట గడిచేసరికి ఒంటికి పోవలసి వచ్చింది. లేచి రెండడుగులు వేశానో లేదో, ఒక పిల్ల కాఫీల బండిని తెచ్చి దారికి అడ్డంగా నిలబెట్టి, దాని వెనక తను నిలబడింది. "ఒక్క నిమిషం అంకుల్, కూర్చోండి" అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు వెనక గద ఉంది.

చూస్తూ ఉండగా ముందున్న తలుపు తెరుచుకుంది. పైలట్ బయటికి వచ్చాడు. ఆయనదీ నా పనే. ఇంకో పిల్ల లోపలికి వెళ్ళింది, తలుపు మూసుకుంది. ఆయన తిరిగి వచ్చి లోపలికి వెళ్ళాక, ఆ పిల్ల బయటికి వచ్చాక, బండి పక్కకు జరిగాక గానీ నాకు మోక్షం దొరకలేదు. ఒక మనిషి ఒంటికి పోయి రావడానికి ఇంత బందోబస్తా అని నేను ఆశ్చర్యపోతూ ఉంటే, పక్క సీటు కుర్రవాడు వివరం చెప్పాడు. ఆకాశంలో ఆ తలుపు తెరుచుకునే ఆ కొద్ది క్షణాలే ప్రమాదమట. అప్పుడు ఎవడైనా దూసుకుపోకుండా ఆ బండి అడ్డం. అమెరికాలోనయితే ఇది చాలదని, కొత్తగా తయారయ్యే ప్రయాణీకుల విమానాలకు ఆ తలుపు ముందు ఇంకో అడ్డు కూడా ఉండాలని 2023లో నిబంధన పెట్టారు.

ఒకప్పుడు ఇదంతా లేదు. ఆ తలుపు మన ఇళ్ళలో వంటింటి తలుపులాంటిది. టీ ఇవ్వడానికి తెరిచేవారు, పిల్లలు ముచ్చటపడితే లోపలికి పిలిచి మీటలు చూపించేవారు. హైజాకింగ్ అనే మాటకు కూడా అప్పట్లో ఇంత రక్తపు వాసన లేదు. 1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి జమ్ము వెళ్ళవలసిన 'గంగ' అనే చిన్న ఫోకర్ విమానాన్ని ఇద్దరు కుర్రవాళ్ళు లాహోరుకు తీసుకుపోయారు. వాళ్ళ చేతిలో ఉన్నది బొమ్మ తుపాకీ, చెక్కతో చేసిన గ్రెనేడు. ప్రయాణీకులను వదిలేశారు గానీ విమానాన్ని తగలబెట్టారు. దాంతో మన ప్రభుత్వం పాకిస్తాన్ విమానాలు మన ఆకాశం మీదుగా పోకుండా కట్టడి చేసింది. ఆ సంవత్సరం చివర వచ్చిన యుద్ధం సంగతి మీకు తెలుసు. ఒక బొమ్మ తుపాకీ ఎంత దూరం పేలిందో చూడండి.

ఇందులో మా నంద్యాలకు కూడా కాస్త చుట్టరికం ఉంది. 1977 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద జనతా పార్టీకి దక్కిన ఒకే ఒక్క లోక్‌సభ సీటు నంద్యాల. గెలిచింది నీలం సంజీవరెడ్డిగారు. ఆయన అదే ఏడాది రాష్ట్రపతి అయ్యారు. ఆయన రాష్ట్రపతి భవనంలో ఉండగానే, 1978 డిసెంబర్ 20న, లక్నో నుంచి ఢిల్లీ పోయే విమానాన్ని పాండే అనే ఇంటిపేరు గల ఇద్దరు యువకులు వారణాసికి మళ్ళించారు. జైల్లో ఉన్న ఇందిరాగాంధీని విడుదల చేయాలని వాళ్ళ కోరిక. వాళ్ళ ఆయుధాలు బొమ్మ తుపాకీ, క్రికెట్ బంతి. ఆ తర్వాత 1980లో ఇద్దరూ ఉత్తరప్రదేశ్ శాసనసభకు ఎన్నికయ్యారు కూడా! పి.వి. నరసింహారావుగారు ప్రధాని అయ్యాక 1991 నవంబర్ ఉప ఎన్నికలో లోక్‌సభకు వెళ్ళింది మా నంద్యాల నుంచే. ఆయన హయాంలో 1993 ఏప్రిల్ 24న శ్రీనగర్ వెళ్ళే విమానాన్ని ఒకడు దారి మళ్ళించి అమృత్‌సర్‌లో దించితే, తెల్లవారే లోపల కమాండోలు ఎక్కి కొద్ది నిమిషాల్లో పని ముగించారు. ప్రయాణీకులంతా క్షేమంగా బయటపడ్డారు.

ఆ రోజుల్లో పైలట్లకు నేర్పిన పాఠం ఒక్కటే. ఎదిరించకు, చెప్పినట్టు విను, ఎక్కడో ఒకచోట విమానాన్ని నేల మీద దింపు, మిగతాది మాటలతో తేల్చుకోవచ్చు. ఆ పాఠం వెనక ఒక నమ్మకం ఉంది. హైజాక్ చేసేవాడికి కూడా బతకాలని ఉంటుంది అన్న నమ్మకం.

1999 డిసెంబర్ 24న కాఠ్మండు నుంచి ఢిల్లీకి బయలుదేరిన విమానం కథతో ఆ నమ్మకం బీటలు వారింది. కెప్టెన్ దేవీశరణ్ మెడ దగ్గర ఆయుధం పెట్టి అమృత్‌సర్, లాహోర్, దుబాయ్ తిప్పి చివరికి కాందహార్ చేర్చారు. దారిలో రూపిన్ కత్యాల్ అనే కొత్త పెళ్ళికొడుకును పొడిచి చంపారు. ముగ్గురు ఖైదీలను వదిలిపెట్టాక, డిసెంబర్ 31న మిగతావాళ్ళు విడుదలయ్యారు. రెండేళ్ళు తిరక్కుండానే, 2001 సెప్టెంబర్ 11న, అమెరికాలో ఆ నమ్మకం పూర్తిగా కూలిపోయింది. పంతొమ్మిది మంది, నాలుగు విమానాలు, దాదాపు మూడు వేల ప్రాణాలు. చంపడానికి మాత్రమే కాదు, చావడానికి కూడా సిద్ధపడి వచ్చినవాడితో ఏం మాట్లాడతారు?

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు అని సామెత. మొరగడమే కాదు, ఈసారి కుక్కలు తలుపులు కూడా బిగించాయి. గుండు దూరని తలుపు, గొడ్డలికి లొంగని తలుపు. 2003 ఏప్రిల్ కల్లా అమెరికాకు ఎగిరే ప్రయాణీకుల విమానాలకు అది తప్పనిసరి అయింది. ప్రపంచమంతా అదే దారి పట్టింది. ఆ తలుపుకు బయట అంకెల మీటలు ఉంటాయి. లోపలివాళ్ళు స్పృహ తప్పి పడిపోతే బయటి సిబ్బంది రహస్య సంఖ్య నొక్కి, కాసేపు ఆగి తెరవవచ్చు. కానీ ఆ సంఖ్యను ఎవడైనా కత్తి చూపి చెప్పించుకోవచ్చు కదా? అందుకని లోపల ఇంకో మీట పెట్టారు. అది నొక్కితే బయటి సంఖ్య పనిచేయదు. చివరి మాట లోపలివాడిదే.

బాగుంది కదూ? నాకూ బాగుందనే అనిపించింది. 2015 మార్చి 24 సంగతి ఆ కుర్రవాడు చెప్పేదాకా.

ఆ రోజు బార్సిలోనా నుంచి జర్మనీ పోతున్న జర్మన్‌వింగ్స్ విమానంలో కెప్టెన్ ఒంటికి పోవడానికి బయటికి వచ్చాడు. లోపల మిగిలింది ఇరవై ఏడేళ్ళ సహ పైలట్ ఒక్కడే. వాడు మీట నొక్కాడు. విమానాన్ని కిందికి దించడం మొదలుపెట్టాడు. కెప్టెన్ తలుపు తట్టాడు, బతిమాలాడు, పగలగొట్టబోయాడు. తలుపు గట్టిది. ఎంత గట్టిగా చేయాలో అంత గట్టిగా చేశారు దాన్ని. ఆల్ప్స్ కొండల్లో నూట యాభై మంది పోయారు. దొంగ లోపలికి రాకూడదని పెట్టిన తలుపు యజమానినే బయట నిలబెట్టింది. తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అంటారే, ఇక్కడ గొళ్ళెం మరవలేదు. గొళ్ళెం దగ్గర కూర్చున్నవాడి మనసును మరిచారు.

ఇది విన్నప్పుడు నాకు అహోబిలం గుర్తుకొచ్చింది. ఆళ్ళగడ్డ దాటి కొంత దూరం పోతే అహోబిలం. అక్కడి ఉగ్రస్తంభం నుంచే నరసింహస్వామి వెలువడ్డాడని మా వైపు నమ్మకం. హిరణ్యకశిపుడి వరం ఎలాంటిదో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. మనిషి వల్ల కాకూడదు, మృగం వల్ల కాకూడదు. పగలు కాకూడదు, రాత్రి కాకూడదు. ఇంట్లో కాకూడదు, బయట కాకూడదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. ఏ ఆయుధంతోనూ కాదు. భద్రతకు ఇంతకంటే గట్టి పట్టిక ఈనాటి అధికారులు కూడా రాయలేరు. అంతా రాసుకున్నాడు, గడప ఒక్కటి మరిచాడు. లోపలా కాని, బయటా కాని ఆ జానెడు చోట, పగలూ కాని రాత్రీ కాని సంధ్యవేళ, తొడ మీద, ఉత్త గోళ్ళతో. నా గోళ్ళ కత్తెర లాక్కున్నవాళ్ళకు ఈ కథ ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇది చాలామంది చెప్పే నీతే. ఎంత కట్టుదిట్టం చేసినా ఎక్కడో ఒక సందు ఉంటుందని. కానీ నన్ను పట్టి పీడించేది ఆ నీతి కాదు. ఆ కథకు ముందు కథ ఒకటి ఉంది. హిరణ్యకశిపుడు అంతకు ముందు జన్మలో ఎవరు? వైకుంఠంలో ద్వారపాలకుడు. జయవిజయులలో ఒకడు. ఏం పాపం చేశాడు? చిన్నపిల్లల్లా కనిపించే సనకాది మునులు వస్తే, వేళ కాదని ఆపాడు. అంతే. తలుపు దగ్గర నిలబెట్టింది ఆపడానికే. ఆపినందుకు శాపం వచ్చింది. తీరా స్వామి వచ్చి, శాపం తప్పదు గానీ మూడు జన్మలతో సరిపెట్టుకోండి అన్నాడు. మూడు జన్మలు రాక్షసులుగా! కాపలా పెట్టినవాడు పాన్పు మీదే ఉన్నాడు. కాపలా కాసినవాడు భూమ్మీద పడ్డాడు.

ఇప్పుడు మళ్ళీ విమానంలోకి రండి. తలుపు గట్టిది, సరే. రేపెవడో ఒకడు ఆ తలుపు బయట నిలబడి, ఆ కాఫీల బండి పిల్ల మెడ మీద కత్తి పెట్టి, "తెరుస్తావా, చంపమంటావా?" అన్నాడనుకోండి. ఆ పిల్ల గొంతు లోపలికి వినిపిస్తుంది. నిబంధన ఏమంటుంది? తెరవకు అంటుంది. ఎవరు ఏడ్చినా, ఎవరు చచ్చినా తెరవకు. 2005లో మన కేంద్ర ప్రభుత్వం తెచ్చిన విధానమైతే ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. అపహరించిన విమానాన్ని ఏ కట్టడం మీదికో ఆయుధంలా వాడబోతున్నారని తేలితే, దాన్ని కూల్చడానికి కూడా వీలు కల్పించింది. ఈ నిబంధనలు తప్పు అనను. లెక్క వేసి చూడండి, ఒక ప్రాణం ఒక పక్క, నూట ఎనభై ప్రాణాలూ కింద ఊళ్ళో వేల ప్రాణాలూ ఇంకో పక్క. మూడో తరగతి పిల్లవాడు కూడా జవాబు చెబుతాడు. లెక్క సరైనదే.

కానీ ఆ లెక్క వేసేది మనం, ఫ్యాను కింద కూర్చుని. శేషం మోసేది అతనొక్కడు.

1986 సెప్టెంబర్ 5న కరాచీలో ఇలాంటిదే జరిగింది. బొంబాయి నుంచి వచ్చి ఆగిన పాన్ ఆమ్ విమానంలోకి, విమానాశ్రయం కాపలావాళ్ళ దుస్తులు వేసుకుని నలుగురు సాయుధులు ఎక్కారు. నీరజా భనోట్ అనే అమ్మాయి పైలట్లకు కబురు అందేలా చేసింది. పైలట్లు కాక్‌పిట్ కప్పులో ఉన్న ద్వారం గుండా దిగి తప్పుకున్నారు. వాళ్ళకు నేర్పిన పద్ధతి అదే. పైలట్ లేని విమానం ఎగరదు, ఎగరకపోతే ఎక్కడికీ తీసుకుపోలేరు, దేని మీదా కూల్చలేరు. అది తెలివైన పని. అయినా ఆ తర్వాత, ప్రయాణీకులను వదిలి పారిపోయారన్న మాట వాళ్ళు పడవలసి వచ్చింది. ఆ రాత్రి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇంకా ఇరవై మూడేళ్ళు నిండని నీరజ అందులో ఒకరు. ఆమెకు అశోకచక్రం వచ్చింది, రావలసిందే. నేల మీద నిలబడి తుపాకుల చప్పుడు విన్న పైలట్లు ఆ తర్వాత రాత్రులు ఎలా నిద్రపోయారో మనం అడగలేదు.

నేను ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, అలా నిద్రపోని మనిషిని ఒకణ్ణి నాకు తెలుసు. ఆయన మా నాయన.

మాది ఆళ్ళగడ్డకు కొన్ని మైళ్ళ దూరంలో ఒక పల్లె. 1970 ప్రాంతం. నాకు పదేళ్ళు. ఊళ్ళో రెండు పార్టీలు. మాది ఏ పార్టీ కాదు. ఏ పార్టీ కాకపోవడమంటే రెండు పార్టీలకూ భయపడడమని పెద్దయ్యాక తెలిసింది. మాది మట్టి మిద్దె. టేకు తలుపు, లోపల అడ్డగడియ. రాత్రి బువ్వలు కాగానే నాయన గడియ వేసేవాడు. కోడి కూసేదాకా ఎవరు పిలిచినా ఆ గడియ లేవకూడదు. అది నాయన పెట్టిన కట్టడి కాదు, ఊళ్ళో ప్రతి ఇంటి కట్టడీ అదే.

ఒక రాత్రి తలుపు మీద దబదబమని చప్పుడు. "బావా! తలుపు తియ్ బావా! వస్తాండారు బావా!"

మా వెనకింటి మామ గొంతు. పొద్దున్నే మా అరుగు మీద కూర్చుని నన్ను "అల్లుడా" అని పిలిచి బెల్లం ముక్క పెట్టిన మామ. నాయన ఒక్క దూకున లేచి గడియ మీద చెయ్యి వేశాడు. మా అవ్వ మంచం మీది నుంచే, "తియ్యొద్దురా నాయనా, పిల్లోళ్ళుండారు" అంది. మేం నలుగురం పిల్లలం. అమ్మ చంకలో చిన్నది. దూరంగా పరిగెత్తే కాళ్ళ చప్పుడు దగ్గరికి వస్తోంది. నాయన చెయ్యి గడియ మీదే ఉంది. బుడ్డి దీపం వెలుగులో ఆ చెయ్యి వణకడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. బయట మామ ఇంకోసారి "బావా" అన్నాడు. ఈసారి గట్టిగా కాదు. అడిగినట్టు కూడా కాదు. అర్థమైపోయినట్టు అన్నాడు. తర్వాత ఆ కాళ్ళ చప్పుడు మా ఇల్లు దాటిపోయింది.

నాయన గడియ తీయలేదు.

మామ చావలేదు. గడ్డివామి వెనక పట్టుకున్నారు. కుడి చెయ్యి మాత్రం మళ్ళీ పనికి రాకుండా పోయింది. మూడు నెలలకు కర్నూలు ఆసుపత్రి నుంచి వచ్చాడు. వచ్చిన మర్నాడే మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. నాయన ఆయన ముందు నిలబడలేక లోపలికి వెళ్ళబోతుంటే, "యాడికి బావా? కూర్చో. నువ్వు తీసింటే నీ పిల్లోళ్ళు పొయ్యుందురు. నేనైనా తియ్యకపోదును" అన్నాడు. అమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఎడం చేత్తో తాగాడు.

మామ క్షమించాడు. క్షమించడం కూడా కాదు, అసలు తప్పే లేదన్నాడు. ఊరూ తప్పనలేదు. అయినా ఆనాటి నుంచి నాయన తలుపు పక్కనే మంచం వేసుకున్నాడు. చివరి రోజుల్లో నంద్యాలలో మా ఇంట్లో ఉన్నప్పుడు, కరెంటు దీపాలు, ఇనుప గేటు, వీధిలో పోలీసు బీటు అన్నీ ఉన్నా, ఆయన మంచం తలుపు పక్కనే. అర్ధరాత్రి లేచి గడియ మీద చెయ్యి వేసి నిలబడేవాడు. తీయడానికో, వేయడానికో నాకు ఎప్పటికీ తెలియలేదు.

అందుకే కాక్‌పిట్ తలుపు ఇంకా ఎంత మందంగా ఉండాలి, ముందు ఇంకో తలుపు పెట్టాలా అని పెద్దలు చర్చిస్తున్నారంటే, పెట్టండి, తప్పకుండా పెట్టండి అంటాను. తలుపు వద్దనే వాణ్ణి కాదు నేను. ఆ రాత్రి ఆ టేకు తలుపు లేకపోతే ఇవాళ ఈ వ్యాసం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదేమో. కాకపోతే తలుపు ఎంత గట్టిదైనా తనంత తాను ఏదీ నిర్ణయించుకోలేదు. నమ్మకంతో పని లేకుండా చేద్దామని తలుపు పెడతాం. తీరా చూస్తే అది నమ్మకాన్నంతా పోగుచేసి, లోపల గడియ పక్కన ఉన్న ఒక్క మనిషి చేతిలో పెడుతుంది. కాబట్టి తలుపుకు పెట్టిన ఖర్చులో ఒక పాలు ఆ మనిషికి కూడా పెట్టాలి.

జర్మన్‌వింగ్స్ విచారణలో తేలిందేమిటో చూడండి. ఆ కుర్రవాడికి మనసు బాగాలేదు. డాక్టర్లు పనికి పోవద్దని రాసిచ్చారు. ఆ కాగితాలు చింపేసి ఉద్యోగానికి వచ్చాడు. చెబితే ఎగిరే హక్కు పోతుంది, హక్కు పోతే జీతం పోతుంది. వాడు చేసిన ఘోరానికి ఇది సమర్థన కాదు. నూట నలభై తొమ్మిది మంది ఉసురు పోసుకున్నవాడికి సమర్థన ఏముంటుంది? కానీ "నాకు బాగాలేదు, ఇవాళ నేను గడియ పక్కన కూర్చోలేను" అని చెప్పుకునే దారి ఒకటి ఉండాలని ఆ తర్వాత పెద్దలకు తోచింది. 2018లో ఐరోపా వాళ్ళు నిబంధనలు మార్చారు. పైలట్లను ఉద్యోగంలోకి తీసుకునే ముందు మనస్తత్వ పరీక్ష ఉండాలన్నారు. కష్టం వస్తే తోటి పైలట్లతోనే చెప్పుకునే ఏర్పాటు ప్రతి కంపెనీలోనూ ఉండాలన్నారు. నాకు ఆ మందపాటి తలుపు కంటే ఈ ఏర్పాటే పెద్ద భద్రతగా కనిపిస్తుంది. గుండుకు తట్టుకునే తలుపు కర్మాగారంలో తయారవుతుంది. దిగులుకు తట్టుకునే మనిషి పక్కన ఇంకో మనిషి ఉంటే తప్ప తయారు కాడు.

ఇక రెండోది. తెరవకు అని నిబంధన రాసినవాళ్ళం మనం. ప్రభుత్వం రాసిందంటే మనం రాసినట్టే. టిక్కెట్టు కొని ఆ తలుపుకు ఇవతల కూర్చున్నామంటే దానికి ఒప్పుకున్నట్టే. అలాంటప్పుడు రేపెప్పుడైనా ఒక పైలట్ ఆ నిబంధన పాటించి, విమానం దించి, బయట ఒక శవాన్ని చూడవలసి వస్తే, అతన్ని ఒంటరిగా బోనులో నిలబెట్టకూడదు. అతను చేసింది మన తరఫున. ఆ పాపంలో, పాపమంటూ ఉంటే, మనకూ వాటా ఉంది. వైకుంఠంలో స్వామి ఆ ఒక్క పని చేశాడని ఒప్పుకోవాలి. నా సేవకులు చేసిన తప్పు నాదే అని మునుల ముందు నిలబడి చెప్పాడు. మనం ఆపాటి కూడా చెప్పం.

చెప్పం అని ఎందుకంటున్నానంటే, నేను చెప్పలేదు గనక. మామ చెప్పాడు. చెయ్యి పోగొట్టుకుని, తలుపు బయట నిలబడిన మనిషి చెప్పాడు. కానీ తలుపు లోపల ఉన్నవాళ్ళం, ఆ గడియ ఎవరి కోసం పడి ఉందో ఆ నలుగురం పిల్లలం, పెద్దవాళ్ళమై, చదువుకుని, ఉద్యోగాలు చేసి, పెళ్ళిళ్ళు చేసుకుని, ఒక్కరోజు కూడా "నాయనా, నువ్వు తీయనిది మా కోసమే కదా" అని అనలేదు. ఆ రాత్రి మాట ఎత్తితే ఆయన బాధపడతాడని అనుకున్నాం. ఎత్తకపోవడంతో ఆయన ఒక్కడే బాధపడ్డాడు.

ఆళ్ళగడ్డ నుంచి వచ్చాక గుడి పెద్దలకు లెక్క అప్పజెప్పాను. విగ్రహాలు బాగా వస్తున్నాయి, ముఖాలకు ఇంకో పదిహేను రోజులు పడుతుంది అన్నాను. "అంత ఆలస్యం ఎందుకు? ద్వారపాలకులేగా, దేవుడు కాదుగా!" అన్నారొకరు.

"తొందరపెట్టొద్దండీ, వాళ్ళ ముఖాలే కష్టం" అన్నాను.